రాజీ గుంపులో మద్దమ్మ చెప్పిన మాట

"నాకొద్దు. తీసెయ్."

కృపానందం కంచాన్ని అరచేత్తో ముందుకు తోశాడు. చప్పుడు కాకుండా తోశాడు. చప్పుడైతే అది తగాదా అవుతుంది. తగాదాలు తీర్చడంలో ఎమ్మిగనూరులో తన భార్య కరుణమ్మ టీచరును మించినవాళ్లు లేరని ఇప్పుడు పేరు. ఆ పేరుకు తన ఇంట్లోనే పని కల్పించడం అతనికి ఇష్టం లేదు.

కరుణమ్మ కంచం తీయలేదు. జొన్నరొట్టె తుంచి పుంటికూర పప్పులో అద్దుకుంటూ తన పాటికి తాను తింటోంది. ఆమె పక్కన అతని చెల్లెలు మద్దమ్మ రొట్టె తుంచుతోంది గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

"యాలరా తినవు?" పొయ్యి దగ్గర నుంచి భీమక్క కేకేసింది. "పొద్దున గూడా నీళ్లు తాగి పోతివి. పప్పులో ఉప్పెక్కువయిందా?"

"ఉప్పు సరిగ్గానే ఉందిలేమ్మా. ఈ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు. నాకొక్కనికే తెలీదు. ఏమీ తెలీనోనికి కూడెందుకు?"

"ఏం తెలీదంట నీకి?"

"నీ కూతుర్నడుగు. లేదంటే నీ కోడల్నడుగు."

భీమక్క పెనం దించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. ముగ్గురూ మూడు గోడల వైపు చూస్తున్నారు.

"బడిలో ఇది ఏడ్చిందంట," అన్నాడు కృపానందం చెల్లెలి వైపు చెయ్యి చూపించి. "నీ కోడలి రాజీ గుంపులో కూచోని 'మా అన్న, మా అన్న' అని ఏడ్చిందంట. కిటికీ బయట పోయే పిల్లలు విన్నారు. ఆ పిల్లల్లో ఒకతి మా బడి పాండురంగ సారు కూతురు. ఈ పొద్దు స్టాఫ్ రూములో అందరి ముందర పాండురంగ నన్నడుగుతాడూ, 'ఏమప్పా కృపానందం, చెల్లెల్ని కొడతాండావా ఏమి?' అని. నవ్వుతా అడిగినాడు. నేనూ నవ్వినాను. ఏం చేస్తాను మరి?"

"మీరు కొట్టలేదని నాకు తెలుసు," అంది కరుణమ్మ. "మద్దమ్మ గూడా అట్ల చెప్పలేదు. ఆ మాత్రం చెప్తాను. మిగతాది చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"గుంపులో మాట గుంపులోనే ఉంటుందని చెప్పి పిల్లల్ని కూచోబెడతాం. మీకు చెప్తే రేపు ఇంకో పిల్ల నాయనొచ్చి నాకూ చెప్పమంటాడు."

"నేను ఇంకో పిల్ల నాయననా?"

కరుణమ్మ పప్పులో ఇంకో ముక్క అద్దుకుంది. రొట్టె నమిలింది. ఆమె నోరు మూసుకుంటే ఎంత గట్టిగా మూసుకుంటుందో పెళ్లయిన కొత్తలోనే అతనికి తెలిసింది. అప్పుడది ముచ్చటగా ఉండేది.

"మద్దీ," గొంతు తగ్గించి పిలిచాడు. "నువ్వు చెప్పు. నా గురించేనా?"

మద్దమ్మ తలెత్తింది. అన్న వైపు చూడలేదు. వదిన వైపు చూసింది. చెప్పొద్దా, చెప్పాలా అని అడిగే చూపు అది.

ఆ చూపునే కృపానందం ఓర్చుకోలేకపోయాడు. ఈ పిల్లను భుజం మీద కూర్చోబెట్టుకుని సొంతూరు కైరుప్పల చేలల్లో పత్తి ఏరే అమ్మ దగ్గరికి మోసుకుపోయింది తాను. పలక పట్టించింది తాను. ఎక్కాలు నేర్పింది తాను. తొమ్మిదో తరగతికి తన దగ్గరికి తెచ్చి పెట్టుకుంది తాను. ఈ రోజు నోరు తెరవడానికి ఆ పిల్లకు ఇంకొకరి అనుమతి కావాలి.

"చెప్పు తల్లీ, నీకిష్టమైతే చెప్పు," అంది కరుణమ్మ మెల్లగా. "నీ మాట నీది. నేనైతే చెప్పను."

మద్దమ్మ పెదవి కొరుక్కుంది. "నాకు నిద్రొస్తాంది," అని కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

"ఏమ్మే కరుణమ్మా," భీమక్క గడపలోనే చతికిలబడింది. "ఊరోళ్ల పిల్లల తగాదాలన్నీ తీరుస్తాండావంట. వీనిది నాది ఒక తగాదా ఉండాది, తీరుస్తావా? వీడు తినడు, నేనేమో పారేయలేను. రోజూ సద్ది నాకే పడతాంది."

కరుణమ్మకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఆపుకోవడం కృపానందం చూశాడు. లేచి చొక్కా వేసుకుని వీధిలోకి నడిచాడు.

వీధిలో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. ఒక్కో ఇంటి ముందు నుంచి నడుస్తుంటే టకటక చప్పుడు ఆగి మళ్లీ అందుకుంటోంది. అతని మనసు మాత్రం ఒకే చోట తిరుగుతోంది.

అసలు ఈ పద్ధతి ఎవరిది?

కిందటి ఎండాకాలం కర్నూలులో టీచర్లకు తరగతులు పెడితే వెళ్లింది తాను. పిల్లల తగాదాలు పిల్లలే తీర్చుకునే పద్ధతి అని, బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆటలాడించి మరీ నేర్పితే, రేకుల షెడ్డులో చెమటలు కక్కుతూ నేర్చుకుంది తాను. ఇద్దరు వీపులు ఆనించుకుని కూర్చుని ఒకరు చెప్తుంటే ఇంకొకరు బొమ్మ గీసే ఆట. ఎదుటివాని మాట వానికే తిరిగి చెప్పి 'ఇదే కదా నువ్వన్నది?' అని అడిగిన తర్వాతే మన మాట చెప్పే ఆట. ఒకరి వేషం ఇంకొకరు కట్టి తగాదాను మళ్లీ ఆడే ఆట. అన్నీ ఇంటికొచ్చి చెప్పాడు. రొట్టెలు తడుతూ కరుణమ్మ వింది. 'రాజీ గుంపు' అని పేరు కూడా తానే పెట్టాడు. ఆమెది సెకండరీ గ్రేడు ట్రైనింగు. తనది బి.యస్సీ., బి.యెడ్.

ముందు మొదలుపెట్టింది కూడా తానే. మగపిల్లల బడిలో, తన తరగతిలో. మొదటి రోజు తరగతి నాయకుడైన పిల్లవాణ్ణి పిలిచి, "రేయ్, ఇద్దరి మాటా విని తప్పెవరిదో తేల్చండి" అని అప్పజెప్పాడు. అంతే. పిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చోలేదు. నాయకుడు కుర్చీ వేయించుకున్నాడు. లేని మీసం దువ్వాడు. తగాదా పడినవాళ్లను చేతులు కట్టుకుని నిలబడమన్నాడు. 'తప్పు పడింది నీకి, తీయి గుంజీలు' అన్నాడు. వాళ్లు ఊళ్లో చూసిన పంచాయితీ అది. వాళ్లకు తెలిసిన రాజీ అది. చూస్తూ నిలబడిన కృపానందానికి అది ముద్దుగా కూడా అనిపించింది. వారం తిరక్కుండానే గుంజీలు తీసినవాళ్లంతా ఒక జట్టు, తీయించినవాళ్లంతా ఒక జట్టు అయి బడి వెనక కొట్టుకున్నారు. హెడ్మాస్టరు పిలిచి, "చాల్లే నాయనా, లెక్కలు చెప్పుకో" అన్నాడు.

కరుణమ్మ ఆడపిల్లల బడిలో మొదలుపెట్టినప్పుడు బోర్డు మీద ఒకే ఒక మాట రాసిందట: 'తప్పెవరిదని అడగకూడదు.'

అంతే తేడా. ఇంత చిన్న తేడాకు ఎల్లుండి శనివారం జిల్లా విద్యాధికారి వస్తున్నాడు. ఆదోని నుంచి, మంత్రాలయం నుంచి హెడ్మాస్టర్లు వస్తున్నారు. 'కరుణమ్మ టీచరు పద్ధతి' చూడటానికి. తన హెడ్మాస్టరు ఈ సాయంత్రం పిలిచి ఏమన్నాడు? "కృపానందం, మీ ఆవిడ బడిలో బెంచీలు చాలవంట. ఎన్ని కావాలో పొద్దున పోయి కనుక్కో. మన పిల్లల చేత మోయించు. నువ్వూ కూచోని చూడు, నేర్చుకోవచ్చు."

నేర్చుకోవచ్చు!

ఇంటికి తిరిగి వచ్చేసరికి కరుణమ్మ చాప మీద పడుకుని ఉంది. మెలకువగానే ఉంది.

"నన్ను చూసి మీకెందుకింత?" అని అడిగింది, గోడ వైపు తిరిగే.

"ఎంత?"

ఆమె దుప్పటి తల మీదికి లాక్కుంది.

*

తెల్లవారి బడి గంటకు చాలా ముందే కృపానందం ఆడపిల్లల బడికి చేరుకున్నాడు. బెంచీల లెక్క అడగాలి, అదొక పని. ఆ పని చాటున ఇంకొక పని ఉంది. రాత్రంతా దానికి ధైర్యం కూడగట్టుకున్నాడు.

వరండాలో చాప పరిచి పిల్లలు రేపటికి సాధన చేస్తున్నారు. కరుణమ్మ లేదు. మద్దమ్మ కూడా కనిపించలేదు. ఇద్దరూ పెద్ద టీచరమ్మ గదిలో ఉన్నట్టున్నారు. గుంపును నడిపిస్తున్నది పదో తరగతి కృష్ణవేణి. మఠంలో పూజ చేసే భీమసేనరావు కూతురు. బిగించి అల్లిన జడ, గంభీరమైన ముఖం.

చాప మధ్యలో ఇద్దరు పిల్లలు వీపులు ఆనించుకుని కూర్చున్నారు. ఒకతి చేతిలో బొమ్మ ఉన్న కాగితం. ఇంకొకతి చేతిలో పలక. పలక పట్టుకున్నది ఎల్లమ్మ. మద్దమ్మ తగాదా పడింది ఈ పిల్లతోనే అని పాండురంగ చెప్పి ఉన్నాడు.

"గుండ్రంగా గియ్," అంటోంది మొదటి పిల్ల. "ఇంకా పెద్దగా. కింద మూడు కాళ్లు. పైన మూతి. మూతికి రెండు పక్కలా... ఇట్ల, వంకరగా."

"ఎట్ల?"

"ఇట్లనే!"

"నువ్వు ఇట్లంటే నా వీపుకేం తెలుస్తాది?"

గుంపంతా నవ్వింది. ఎల్లమ్మ పలక ఎత్తి చూపించింది. కొమ్ములున్న ఎనుము, కాళ్లు మాత్రం మూడే. కాగితంలో ఉన్నది ముక్కాలిపీట మీద చెవులున్న నీళ్ల గంగాళం. ఒక పిల్ల నవ్వలేక చాప మీద పడిపోయింది.

"ఆగండే," అంది కృష్ణవేణి. "ఇప్పుడు చెప్పండి. తప్పు చెప్పినదాంట్లో ఉందా, విన్నదాంట్లో ఉందా?"

"అక్కా! తప్పెవరిదని అడగకూడదు!" అందరూ ఒక్కసారి అరిచారు.

కృష్ణవేణి నాలుక కరచుకుంది. తర్వాత తనూ నవ్వింది.

కృపానందం స్తంభం పక్కన నిలబడి చూశాడు. ఇదే ఆట తన తరగతిలో ఆడించినప్పుడు 'సరిగ్గా చెప్పలేదేంరా వెధవా' అని పలక పట్టినవాడు పలకతోనే కొట్టాడు. ఇక్కడ నవ్వుతున్నారు. అదే ఆట. తాను తెచ్చిన ఆట. పెంచుకున్న కోడి పక్కింట్లో గుడ్లు పెడుతున్నట్టుంది అతనికి.

"కృష్ణవేణీ, ఇట్ల రామ్మా."

పిల్ల చెంగున లేచి వచ్చింది. "నమస్తే సార్. టీచరు పెద్ద టీచరమ్మ దగ్గరున్నారు. పిలుచుకొచ్చేదా?"

"వద్దు, నీతోనే పని." గొంతు సవరించుకున్నాడు. "మొన్న మా మద్దమ్మది, ఎల్లమ్మది రాజీ చేసింది నువ్వే కదా? మద్దమ్మ ఏం చెప్పింది?"

కృష్ణవేణి ముఖం మూసుకుపోయింది. అచ్చం కరుణమ్మ ముఖం మూసుకున్నట్టే.

"అది చెప్పకూడదు సార్."

"నేను దాని అన్నను."

"తెలుసు సార్. కానీ చెప్పకూడదు."

ఇక్కడితో ఆగి ఉండవచ్చు. బెంచీల లెక్క అడిగి వెళ్లిపోయి ఉండవచ్చు. బ్లాక్‌బోర్డు ముందు ఇన్నేళ్లు నిలబడిన మనిషి, పిల్లలతో అబద్ధమాడవద్దని ప్రతి ప్రార్థనలో చెప్పే మనిషి, ఎంతో మామూలు గొంతుతో అన్నాడు:

"మీ టీచరే నిన్ను అడగమని పంపిందమ్మా."

కృష్ణవేణి అతని ముఖంలోకి చూసింది. సార్లు అబద్ధం చెప్తారన్న ఆలోచన ఆ పిల్లకు ఇంకా రాలేదు. ముఖం కొంచెం విప్పారింది.

"టీచరే చెప్పమన్నారా సార్? అట్లయితే సరే. నాకు గూడా ఎవరికన్నా చెప్పాలని ఉండింది." గొంతు తగ్గించింది. "రేపు రాజీ చేసేది నేను, ఎల్లమ్మ అని టీచరు చెప్పినారు సార్. మద్దమ్మను తీసుకోలేదు. ఎల్లమ్మ రేపటికోసం గీసిన పెద్ద బొమ్మను మద్దమ్మ చింపేసింది. అందుకే కూచోబెట్టినాం. మొదట ఏమీ మాట్లాడలేదు. ఊరికే కాచుకున్నాం. తర్వాత..."

"ఆ?"

"తర్వాత అన్నాది సార్. 'నాకు ఎల్లమ్మ మీద కోపం లేదు. దాన్ని పొగిడితే నాకు ఆకలి చచ్చిపోయింది. మా ఇంట్లో మా అన్నకు గూడా అంతే. వదినను ఎవరన్నా మెచ్చుకున్న పొద్దు మా అన్న కూడు తినడు. మా అమ్మేమో ఉప్పెక్కువయిందా అని అడుగుతాది. నాకు తెలుసు, ఉప్పు కాదు. వదిన గూడా తనను మెచ్చుకున్న సంగతి ఇంట్లో చెప్పేది మానేసింది. మా అన్న నాకు లెక్కలు నేర్పినాడు, చదువు నేర్పినాడు. ఇది గూడా అన్న దగ్గర్నే నేర్చుకుంటినేమో, ఇంక పోదేమో అని భయమైతాంది' అని." కృష్ణవేణి ఆగింది. "అది చెప్తానే ఏడ్చింది సార్. ఎల్లమ్మ గూడా ఏడ్చింది. తర్వాత ఇద్దరూ ఒకే పొట్లంలో బొరుగులు తిన్నారు. రాజీ అయితే అట్ల తింటాం సార్ మేము."

కృపానందం స్తంభానికి వీపు ఆనించాడు.

పాండురంగ నవ్వితే సహించాడు. హెడ్మాస్టరు బెంచీలు మోయించమంటే సహించాడు. వాళ్లకు లోపలి సంగతి తెలియదు. తనకే పూర్తిగా తెలియని సంగతిని, ఎక్కాలు తప్పుల్లేకుండా అప్పజెప్పే మద్దమ్మ, తప్పుల్లేకుండా చూసింది.

వరండా చివర తలుపు తెరుచుకుంది. కరుణమ్మ, వెనకాల సుద్దముక్కల పెట్టె పట్టుకుని మద్దమ్మ.

"టీచర్," కృష్ణవేణి ఉత్సాహంగా ఎదురెళ్లింది. "సార్‌కు చెప్పేసినాను టీచర్. మద్దమ్మ చెప్పినదంతా. మీరు చెప్పమన్నారంట కదా?"

చాప మీద నవ్వులు ఆగిపోయాయి.

కరుణమ్మ కృష్ణవేణి వైపు చూడలేదు. భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. కాచుకోవడం ఉంది. తగాదాలో ఉన్న మనిషి తనంతట తాను నోరు తెరిచేదాకా తొందరపెట్టకుండా కూర్చోవాలని పిల్లలకు నేర్పిన కాచుకోవడం.

కృపానందానికి చెప్పాల్సినవి రెండే మాటలు. అవి నాలుక మీదికి వచ్చాయి కూడా. ఎదురుగా గుంపు పిల్లలు. అందరూ రేపు విద్యాధికారి ముందు కూర్చోబోయే పిల్లలు. సార్ అబద్ధం చెప్పాడని ఈ చాప మీద నుంచి ఊరంతా పాకుతుంది. తన స్టాఫ్ రూముకు పాకుతుంది.

"బెంచీలెన్ని కావాలో..." అన్నాడు.

కృష్ణవేణి ముఖం తెల్లబోవడం మొదలైంది. సార్ వైపు, టీచర్ వైపు మార్చి మార్చి చూసింది. చేతులు జడ చివర పట్టుకుని నలుపుతున్నాయి. ఆడినమాట తప్పింది తానేనేమో అన్న భయం ఆ కళ్లలో నీళ్లుగా ఊరుతోంది.

కరుణమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"అవును. నేనే చెప్పమన్నాను," అంది.

కృపానందానికి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, సిగ్గుపడాల్సిన చోట, పాత మంటే మళ్లీ పుట్టింది. తన తప్పును కూడా తనకంటే బాగా ఆమే మోస్తోంది. అందులోనూ ఆమెదే పైచేయి.

"నువ్వా వదినా?" అంది మద్దమ్మ.

కరుణమ్మ చెయ్యి కృష్ణవేణి భుజం మీదే ఉంది.

"రాత్రి అన్న అన్నిమార్లు అడిగితే చెప్పకపోతివి. నీ మాట నీది అంటివి. నిద్ర లేసేసరికి చెప్పమంటివా?" మద్దమ్మ గొంతు పెరగలేదు. "టీచర్లందరిలో నువ్వే మేలు అనుకుంటిని."

"మద్దీ..." కృపానందం అన్నాడు.

మద్దమ్మ అతని వైపు తిరగలేదు. సుద్దముక్కల పెట్టె కింద పెట్టింది. చాప దగ్గరికి నడిచి, ఎల్లమ్మ పక్కన, వీధి వైపు వీపు పెట్టి కూర్చుంది.

"కృష్ణవేణక్కా, నాకొక తగాదా ఉండాది. రాజీకి కూచోబెట్టు."

"ఎవరితో?"

"టీచరుతో."

కృష్ణవేణి జడ వదిలేసింది. "టీచరుతో ఎట్లనే? టీచరు పెద్దామె కదా."

"పెద్దోళ్లకు వర్తించదని ఎవరూ చెప్పలేదే."

పిల్లలంతా కరుణమ్మ వైపు చూశారు. ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మద్దమ్మకు ఎదురుగా చాప మీద కూర్చుంది. తగాదా పడిన పిల్లలు కూర్చునే చోటే కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"కూచో కృష్ణవేణీ," అంది. "ఎప్పుడూ చేసేదే కదా. నడిపించు."

కృపానందం వెనక్కి అడుగు వేశాడు. బెంచీలు సాయంత్రానికి పంపిస్తానని ఎవరికో చెప్పినట్టు చెప్పి, వరండా మెట్లు దిగాడు. ఎవరూ తల తిప్పలేదు. బయట ఆదోని బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. బడి గేటు తెరిచే ఉంది.

వెనక కృష్ణవేణి గొంతు వినిపించింది. వణుకుతోంది, అయినా ఆగలేదు. గుంపులో మాట గుంపులోనే ఉంటుందని చెప్పాల్సిన చోట తడబడింది, ఆ మాట వదిలేసింది. ఒకరి మాటకు ఒకరు అడ్డు రాకూడదని చెప్పింది. ఎవరికీ పేర్లు పెట్టకూడదని చెప్పింది. ఆ తర్వాత, ఏ తగాదాలోనైనా ఎవరినీ మాట్లాడనివ్వక ముందే అడగాల్సిన ప్రశ్న అడిగింది:

"ఈ తగాదాలో మీరిద్దరే ఉండారా? ఇంకెవరన్నా కూచోవాల్సినోళ్లు ఉండారా?"

చాప మీద నుంచి ఎవరూ జవాబు చెప్పలేదు. కరుణమ్మ చెప్పలేదు.

కృపానందం అప్పటికి గేటు మీద చెయ్యి వేసి ఉన్నాడు. నాకు వినపడలేదని రేపెవరితోనైనా చెప్పుకునేంత దూరం మాత్రం ఇంకా రాలేదు.